భైరవ బొచ్చు పని: ఒత్తు బొచ్చున్న పెద్ద కుక్కకి ఇంట్లోనే గ్రూమింగ్, విజయవాడ నుంచి డైరీ

లాంగ్ కోట్ జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, సెయింట్ బెర్నార్డ్ లాంటి కుక్కల్ని కోస్తా ఉక్కపోతలో పెంచుతున్నవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మా భైరవ లాంగ్ కోట్ జర్మన్ షెపర్డ్, మగ, అయిదేళ్లు, 37.4 కిలోలు. మేముండేది పటమటలో, రెండో అంతస్తులో. పైన డాబా. పని మార్చిలో మొదలుపెట్టాం. కుక్కని పట్టుకునేది తమ్ముడు, దువ్వేది నేను.

ఒక్క మాట ముందే చెప్తాను. దువ్వెన పళ్లు చర్మం దాకా వెళ్లాలి. స్నానం తర్వాత బొచ్చు చర్మం దాకా ఆరాలి. కింద రాసిన మార్పులన్నీ ఈ రెండింటి కోసమే.

దశ 1: కొలతలు, చిక్కుల పటం

ఈ జాతికి బొచ్చు రెండు పొరలు. పైన పొడుగ్గా, గరుగ్గా ఉండేది పైబొచ్చు. దాని కింద ఒత్తుగా, మెత్తగా ఉండేది నూగు. చూడ్డానికి మా వాడి బొచ్చు బాగానే మెరిసేది. స్టీలు దువ్వెన దింపితే మాత్రం చాలాచోట్ల సగంలోనే ఆగిపోయింది.

బొచ్చు పొడవు స్కేలుతో కొలిస్తే మెడ చుట్టూ 11 సెం.మీ., వెనక తొడల మీద 9, వీపు మీద 5. నోట్‌బుక్‌లో కుక్క బొమ్మ రెండు వైపులా గీసి, దువ్వెన చర్మాన్ని తాకని చోటల్లా పెన్సిల్‌తో నలుపు చేశాను. మొత్తం 14 మచ్చలు తేలాయి. రెండు చెవుల వెనకా నిమ్మకాయంత ఉండలు. చంకల్లో చిన్నవి. తోక కింద ఒక పొడవాటి జడ. ఎడమ తొడ వెనక అరచేతి వెడల్పున అట్టకట్టిన బొచ్చు. ఈ పటం గీయడానికి ఇరవై నిమిషాలు పట్టింది కానీ, తర్వాత పనంతా దీని మీదే నడిచింది. మీరూ ముందు పటం గీసుకోండి. రోజూ దువ్వుతూ పైపైన మాత్రమే దువ్వుతున్నామన్న సంగతి ఇది గీస్తేనే తెలుస్తుంది.

కొన్నవి:
1. స్లికర్ బ్రష్ (సన్నటి వంకర తీగలున్నది): 650
2. స్టీలు దువ్వెన, సగం వెడల్పు పళ్లు, సగం దగ్గర పళ్లు: 350
3. నూగు తీసే రేక్, గుండ్రటి మొనలున్న పళ్లది: 550
4. బ్లేడు ఉన్న డీషెడ్డింగ్ టూల్ (రాలే బొచ్చుని తీసేది): 900

ఖర్చు ఇప్పటికి: 2,450 రూపాయలు.

దశ 2: బల్ల

నేల మీద కూర్చుని దువ్వితే కుదరలేదు. కుక్క లేచి వెళ్లిపోతుంది, మన నడుం పట్టేస్తుంది, పొట్ట కింద భాగం అసలు కనపడదు. ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో బల్ల చేయించాం. అంగుళం చదరపు ఇనుప పైపు, పైన 19 మి.మీ. ప్లైవుడ్, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఎత్తు 50 సెం.మీ.

మొదట చేసిచ్చిన బల్ల చేత్తో ఊపితే పెద్దగా కదలలేదు. భైరవ ఎక్కగానే మాత్రం అడ్డంగా ఊగింది. వాడు నాలుగు కాళ్లూ వెడల్పుగా పెట్టి కొయ్యబారిపోయాడు. మర్నాడు బల్ల దగ్గరికే రానన్నాడు. వెనక్కి తీసుకెళ్లి కాళ్ల మధ్య ఏటవాలుగా అడ్డ పైపులు వేయించి, అడుగున రబ్బరు బుష్షులు పెట్టించాం. పైన గరుకు రబ్బరు మ్యాట్ అంటించాం. ఆ తర్వాత కొన్నాళ్లు దువ్వడం ఏమీ లేదు. బల్ల మీదకి ఎక్కించడం, ఒక ముద్ద పెరుగన్నం పెట్టడం, దించేయడం, అంతే. వాడంతట వాడు ఎక్కడం మొదలుపెట్టాకే బ్రష్ బయటికి తీశాం.

పెద్ద కుక్కకి 50 సెం.మీ. కంటే ఎత్తు వద్దు. దూకితే కీళ్లకి దెబ్బ. పట్టీ కట్టి ఒంటరిగా వదిలి వెళ్లడం అసలు వద్దు.

బల్ల, మ్యాట్: 4,250. ఖర్చు ఇప్పటికి: 6,700.

దశ 3: చిక్కులు (నీళ్లు తగలకముందే)

చిక్కు తీయకుండా స్నానం చేయిస్తే అది తడిసి, ఆరి, ఇంకా బిగుసుకుంటుంది. అందుకని ఈ దశ అయ్యేదాకా నీళ్ల జోలికి పోలేదు.

కొబ్బరినూనె రాస్తే జారుతుందని అమ్మ చెప్పింది. కుడి చెవి వెనక ఉండకి రాసి చూశాం. పై వెంట్రుకలు జారాయి గానీ లోపలి నూగు నూనె పీల్చుకుని, దుమ్ము పట్టి, మరింత గట్టిపడింది. ఆ జిడ్డు తర్వాత రెండుసార్లు షాంపూ పెడితే గానీ వదల్లేదు. నూనె పక్కన పెట్టేశాం.

పనిచేసిన పద్ధతి:
1. ఉండ మీద చిటికెడు కార్న్‌ఫ్లోర్ చల్లి వేళ్లతో లోపలికి నలపాలి.
2. ఉండకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు పెట్టి బిగించి పట్టుకోవాలి. లాగిన నొప్పి చర్మానికి చేరదు.
3. దువ్వెన చివరి పన్నుతో ఉండని నిలువుగా, వెంట్రుక పెరిగే దిక్కునే, రెండుగా నాలుగుగా చీల్చాలి.
4. చీల్చిన పాయల్ని కొసల నుంచి మొదలుపెట్టి స్లికర్‌తో విప్పాలి. మొదట్లోంచి లాగకూడదు.
5. చివర్లో దగ్గర పళ్ల దువ్వెన ఆగకుండా దిగితేనే అయినట్టు.

ఒక విడతకి ఇరవై నిమిషాలు, అంతకు మించి వద్దు. వాడు నాలుకతో మూతి నాకుతూ మొహం తిప్పేస్తుంటే ఇరవై కాకముందే ఆపేవాళ్లం.

కత్తెర మాత్రం వాడకండి. చిక్కు బిగిసేకొద్దీ చర్మం కూడా గుడారంలా పైకి లేస్తుంది. పైనుంచి చూస్తే ఎక్కడ బొచ్చు అయిపోయిందో ఎక్కడ చర్మం మొదలైందో తెలీదు. చంకల్లో, చెవి అంచున చర్మం మరీ పల్చన.

14 మచ్చల్లో తొమ్మిది ఇలా విడిపోయాయి. మిగిలిన అయిదింటికి క్లిప్పర్ కావాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్న గడ్డం ట్రిమ్మర్ పెడితే నూగులో ఇరుక్కుని ఆగిపోయింది. కుక్కల కోసం చేసిన క్లిప్పర్, 10 నంబరు బ్లేడు కొన్నాం. ఆ బ్లేడు సుమారు ఒకటిన్నర మి.మీ. బొచ్చు వదిలిపెడుతుంది. బ్లేడుని చర్మానికి సమాంతరంగా, చిక్కు అడుగునుంచి మెల్లగా జరపాలి. రెండు మూడు నిమిషాలకోసారి మణికట్టు లోపలి వైపు ఆనించి చూస్తూ ఉండాలి. మన చర్మానికి చురుక్కుమంటే వాడికి అప్పటికే కాలుతున్నట్టు. ఆపి, చల్లారాక మొదలుపెట్టాలి.

ఎడమ తొడ మీద అట్ట తీసేసరికి కింద చర్మం ఎర్రగా, కొంచెం తడిగా ఉంది. నిజంగా టెన్షన్ పడ్డాం. డాక్టరు గారికి చూపిస్తే మందు ఇచ్చి, పూర్తిగా మానేదాకా స్నానం వద్దన్నారు. గాలి తగలక లోపల చెమ్మ నిలిచిపోతే ఇలాగే మొదలవుతుందనీ, ఉక్క రోజుల్లో రాత్రికి రాత్రే చీము పుండు అవుతుందనీ చెప్పారు. చర్మం సంగతి ముదిరితే మన దగ్గర గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. అంతదాకా రానివ్వకపోవడం మేలు.

తీసిన చిక్కుల బరువు, వంటింటి కాటా మీద: 62 గ్రాములు.
క్లిప్పర్ 6,200, డాక్టరు, మందులు 850. ఖర్చు ఇప్పటికి: 13,750.

దశ 4: నూగు తీయడం

బొచ్చుని ఒక చేత్తో పైకి ఎత్తి పట్టుకుని, కింద చర్మం సన్నటి గీతలా కనపడేలా పాపిడి తీయాలి. ఆ గీత దగ్గర నుంచి బ్రష్ కిందికి. తర్వాత ఒక వేలెడు పైన ఇంకో పాపిడి. కాలి మడమ దగ్గర మొదలుపెట్టి వీపు దాకా ఇలా పైకి వెళ్లాలి. నిదానమైన పని, కానీ ఏ అంగుళమూ తప్పిపోదు.

బ్లేడు టూల్‌తో మొదటి రోజు బొచ్చు కుప్పలుగా వచ్చింది, చాలా సంబరంగా అనిపించింది. వీపు మీద మాత్రం బొచ్చు మొద్దుబారినట్టు కనపడింది. అనుమానమొచ్చి, వచ్చిన బొచ్చులోంచి ఒక కుచ్చు తీసి తెల్ల కాగితం మీద పరిచి, ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూశాను. నూగు లేత గోధుమరంగులో, ఉంగరాలు తిరిగి, పూర్తి పొడవున ఉంది. దాని మధ్య నల్లటి పైబొచ్చు ముక్కలున్నాయి. మామూలుగా రాలిన పైబొచ్చుకి ఒక కొస సూదిగా, రెండో కొసన చిన్న తెల్లటి కుదురు ఉంటుంది. వీటికి కుదురు లేదు. ఆ కొస అడ్డంగా తెగి ఉంది. అంటే రాలాల్సిన నూగుతో పాటు ఉండాల్సిన బొచ్చునీ ఆ బ్లేడు కోస్తోంది. ఆ టూల్ పక్కన పెట్టేశాం. గుండ్రటి మొనల రేక్‌తో వచ్చిన కుచ్చుని అలాగే పరిచి చూస్తే తెగిన ముక్కలు కనపడలేదు.

స్లికర్ విషయంలో ఒక జాగ్రత్త. ముందు మీ ముంజేతి మీద గీసుకుని చూడండి. ఏ ఒత్తిడికి మీకు గీతలు పడవో అంతే వాడాలి. ఒకేచోట పదే పదే గీస్తే చర్మం కందిపోతుంది.

వచ్చిన నూగు: 148 గ్రాములు. చిక్కులతో కలిపి బొచ్చు ఇప్పటికి: 210 గ్రాములు. ఖర్చు మారలేదు.

దశ 5: స్నానం

ఏప్రిల్ మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకు నీళ్లు 41 డిగ్రీలు చూపించాయి. పొద్దున ఆరింటికి అదే ట్యాంకులో 29. అందుకని స్నానం తెల్లవారుజామునే.

షాంపూ కుక్కలదే వాడాలి. మనుషుల షాంపూ మన చర్మం పుల్లదనానికి తగ్గట్టు చేస్తారు. కుక్క చర్మం అంత పుల్లగా ఉండదు. చిక్కటి షాంపూ నేరుగా పోస్తే పైబొచ్చు మీదే నురగ ఆగిపోయింది, లోపల నూగు పొడిగానే ఉంది. ఒక వంతు షాంపూకి పది వంతుల నీళ్లు కలిపి, పాత సాస్ సీసాలో పోసి, పాపిడి తీసి చర్మం మీద పిండితే చేరింది. సీసా మీద ఏ పాళ్లు రాసి ఉంటే అవే పాటించండి.

మగ్గుతో పోసిన నీళ్లు పైపైనే జారిపోతాయి. హ్యాండ్ షవర్ బిగించి, దాన్ని చర్మానికి ఆనించి జరిపితే నురగ కిందినుంచి వచ్చింది. షాంపూ రుద్దడానికి పట్టినదానికి రెట్టింపు సమయం కడగడానికి ఇవ్వండి. బొచ్చు పిండితే జారుడు పోయి కిర్రుమనాలి. చెవుల్లోకి నీళ్లు పోకుండా చూసుకోవాలి, మొహం తడి గుడ్డతో తుడిస్తే చాలు.

షాంపూ 480, షవర్, పైపు 420. ఖర్చు ఇప్పటికి: 14,650.

దశ 6: ఆరబెట్టడం

అసలు పని ఇదే. ఖర్చులో సగం దాకా ఇక్కడే పోయింది.

తువ్వాళ్లు, స్టాండు ఫ్యాన్: తువ్వాళ్లని ముందు పొడిగా, తర్వాత తడిగా తూచాను. అవి పీల్చినవి 1.3 కిలోల నీళ్లు. గంటన్నరకి భైరవ ఆరినట్టే కనపడ్డాడు. ఏడు గంటల తర్వాత మెడ కింద, తొడల మీద బొచ్చు విడదీసి టిష్యూ కాగితం పది సెకన్లు ఒత్తితే కాగితం తడిసింది. మర్నాటికి ముక్కిన వాసన, గోక్కోవడం. గాలిలో ఇంత తేమ ఉన్న ఊళ్లో ఫ్యాన్‌ని నమ్ముకోవడం కుదరదు.

మన హెయిర్ డ్రయర్: వేడి ఎక్కువ, గాలి తక్కువ. ఈ బొచ్చుకి కావాల్సింది నీళ్లని బయటికి తోసే గాలి, కాల్చే వేడి కాదు. పైగా ఒగర్చే కుక్కకి వేడిగాలి ప్రమాదం.

దుమ్ము ఊదే చేతి బ్లోయర్, 600 వాట్లది, 1,600 రూపాయలు: గాలి వేగం బాగుంది. పావుగంటకల్లా మోటారు వేడెక్కి ఆపాల్సి వచ్చేది. ఆపుతూ మొదలుపెడుతూ 1 గంట 50 నిమిషాలు. ఖర్చు ఇప్పటికి: 16,250.

రెండు మోటార్ల పెట్ డ్రయర్ (ఇక మీద బ్లోయర్ అన్నది దీన్నే), 2,400 వాట్లది, 7,800: ఖర్చు ఇప్పటికి 24,050. ఇక్కడ ఒక ముఖ్యమైన లెక్క. 2,400ని 230తో భాగిస్తే 10.4 ఆంపియర్లు. మామూలు చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే కాసేపటికే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చి, పిన్ను చుట్టూ మెత్తబడింది. వెంటనే ఆపేశాం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి డాబా మెట్ల దగ్గరికి 2.5 చదరపు మి.మీ. రాగి తీగ లాగించి, 16 ఆంపియర్ల సాకెట్, ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించాం. 3,400 అయింది. తడి కుక్క, తడి నేల, కరెంటు ఒకేచోట ఉన్నప్పుడు ఈ డబ్బు మిగుల్చుకోకండి. ఇన్వర్టర్ మీద ఇది నడవదు. అందుకని కరెంటు కోత చెప్పిన రోజున స్నానమే పెట్టుకోం. ఖర్చు ఇప్పటికి: 27,450.

ఇప్పుడు చేసే పద్ధతి:
1. తువ్వాలుతో ఒత్తాలి, రుద్దకూడదు. రుద్దితే మళ్లీ చిక్కు.
2. తమ్ముడి పాత బనియన్ గొట్టంలా కత్తిరించి తల మీదుగా చెవులు కప్పేలా తొడుగుతాం. చప్పుడు తగ్గుతుంది.
3. వెనక కాలి దగ్గర తక్కువ వేగంతో మొదలు. మొహం మీద, చెవుల్లోకి గాలి కొట్టకూడదు.
4. వీపు మీద డ్రయర్ ముక్కు (నాజిల్) చర్మానికి అయిదు సెం.మీ. దూరంలో. చర్మం గుండ్రంగా విచ్చుకుని కనపడుతుంది, నీటి చుక్కలు అంచులకి పారతాయి. ఆ అంచు వెంటే జరుపుతూ పోవాలి.
5. తొడలు, తోక లాంటి పొడవు బొచ్చు చోట్ల ముక్కు తీసేసి, జానెడు దూరం నుంచి. దగ్గరగా కొడితే బొచ్చు సుడి తిరిగి కొసలు ముడిపడతాయి.
6. చివర్లో తొమ్మిది చోట్ల టిష్యూ పరీక్ష. ఒక్కటి తడిసినా మళ్లీ బ్లోయర్.

మొత్తం 55 నిమిషాలు. డ్రయర్ చప్పుడు అలవాటు చేయడానికి మాత్రం చాలా ఓపిక పట్టింది. మొదట పక్క గదిలో ఆన్ చేసి ఇక్కడ పెరుగన్నం. తర్వాత గుమ్మం దగ్గర. తర్వాత బల్ల పక్కన. గాలి ఒంటికి తగిలింది అన్నిటికన్నా ఆఖర్న.

బ్లోయర్‌తో ఇంకో 115 గ్రాముల నూగు ఎగిరొచ్చింది. అది ఎక్కడ పడుతుందో ఆలోచించలేదు. కిందింటి ఓనరు ఆంటీ పైకొచ్చి, "ఏమ్మా, నా వడియాల మీదంతా వెంట్రుకలే. ఇంత పిండీ వృథా అయిపోయింది" అన్నారు. ఆవిడ బాధ నిజం, మళ్లీ మినప్పప్పు నానబోసి పట్టించి ఇచ్చాం. తర్వాత బల్ల చుట్టూ ఆకుపచ్చ షేడ్ నెట్ మూడు వైపులా కట్టాం, 350 అయింది. బ్లోయర్ పెట్టే ముందు డాబా మీద ఏం ఎండబెట్టారో అడుగుతాం. ఆవకాయ రోజుల్లో మెట్ల దగ్గరే కానిచ్చేస్తాం.

బొచ్చు మొత్తం: 325 గ్రాములు. ఖర్చు ఇప్పటికి: 27,800.

దశ 7: పాదాలు, గోళ్లు

అరికాలి మెత్తల మధ్య బొచ్చు పెరిగి టైల్స్ మీద జారేవాడు. మెత్తలతో సమానంగా క్లిప్పర్‌తో తీశాం, వేళ్ల సందుల్లోకి తవ్వలేదు. గోళ్లు నల్లవి కాబట్టి లోపలి రక్తనాళం బయటికి కనపడదు. సన్నటి ముక్కలుగా కోస్తూ ప్రతిసారీ కోసిన ముఖాన్ని చూడాలి. మధ్యలో ముదురు చుక్క కనపడగానే ఆపాలి. రక్తం వస్తే ఒత్తి పెట్టడానికి కార్న్‌ఫ్లోర్ పక్కనే ఉంచుకుంటాం.

గోళ్ల కట్టర్ 300, పలచన చేసే కత్తెర 700. ఖర్చు ఇప్పటికి: 28,800.

మే: గుండు సంగతి

నలభై దాటిన ఎండల్లో చూసినవాళ్లందరిదీ ఒకటే మాట. అమ్మ కూడా, "ఆ బొచ్చుతో వాడెలా ఉంటాడే, గుండు కొట్టించెయ్యి పాపం" అంది. డాక్టరు గారిని అడిగితే, "చిక్కు విప్పలేని చోట తీయండి గానీ ఒళ్లంతా గుండు మాత్రం వద్దమ్మా. పైబొచ్చు మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు" అన్నారు. కుక్క ఒంటి వేడి బయటికి పోయేది ముఖ్యంగా ఒగర్పుతో. మనలా ఒళ్లంతా చెమట పట్టదు కాబట్టి చర్మం బయటపెడితే చల్లబడుతుందన్న లెక్క ఇక్కడ వర్తించదు. బయటపడ్డ చర్మం ఎండకి కమిలిపోతుంది.

అమ్మకి మాటలకంటే అంకె చూపిద్దామని, కరోనా అప్పుడు కొన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తీశాను. దాన్ని సర్ఫేస్ మోడ్‌లో పెట్టాను. పొద్దున ఎనిమిదింటికి భైరవ అయిదు నిమిషాలు ఎండలో నిలబడ్డాక వీపు మీద నల్లబొచ్చు పైన 46 డిగ్రీలు. అక్కడే పాపిడి తీసి చర్మం మీద పెడితే 37. ఆ తేడా ఆపింది బొచ్చే. అమ్మ మళ్లీ గుండు మాట ఎత్తలేదు. బొచ్చు ఉంటే చాలదు, నూగు తీసి గాలి ఆడేలా ఉండాలి. వాకింగ్ తెల్లవారకముందు, లేదంటే రాత్రి ఎనిమిది దాటాక. మధ్యాహ్నం తడి నేల మీద ఫ్యాన్ కింద.

మృగశిర కార్తె తర్వాత

వానలు మొదలయ్యాక పిడుదులు, అదే గోమార్లు, కనపడ్డాయి. చెవి మడతలు, వేళ్ల సందులు, మెడ కింద. పల్చటి నూగులో ఇప్పుడు వేలికి ఇట్టే తగులుతున్నాయి. సన్నమొన చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నేరుగా లాగి, సబ్బు నీళ్లలో వేస్తాం. కిరోసిన్, కర్పూరం లాంటివి రాయకండి. చర్మం కాలుతుంది, నాకితే విషం. వీటివల్లే ఎర్లీకియా, బబీసియా జ్వరాలు వస్తాయి కాబట్టి, బరువుకి తగ్గ నివారణ మందు డాక్టరు రాసిచ్చిందే వాడుతున్నాం.

ఇప్పుడు నడుస్తున్న లెక్క:
1. వారానికి రెండుసార్లు పాపిడి దువ్వుడు, అరగంట. వచ్చే నూగు 18 నుంచి 20 గ్రాములు.
2. నెలకోసారి స్నానం, 55 నిమిషాల బ్లోయర్. వానలో తడిస్తే స్నానం లేకపోయినా బ్లోయర్.
3. నెలకోసారి కొత్త పటం.

ఇదే పని మొదలుపెట్టేవాళ్లు బ్లేడు టూల్, చేతి బ్లోయర్ వదిలేస్తే ఖర్చు 26,300కి దిగుతుంది. అట్టకట్టిన బొచ్చు లేకపోతే క్లిప్పర్ కూడా వెంటనే అక్కర్లేదు, ఇంకో 6,200 తగ్గుతుంది. డ్రయర్‌లోనూ వైరింగ్‌లోనూ మాత్రం తగ్గించకండి.

జూలై పటంలో రెండు మచ్చలు మిగిలాయి, రెండూ మెడ పట్టీ కిందే. వెడల్పు నైలాన్ పట్టీ రాపిడికి నూగు అక్కడ అట్టకడుతోంది. ఇంట్లో ఉన్నంతసేపూ పట్టీ తీసేస్తున్నాం. వాకింగ్‌కి గుండ్రటి తోలు పట్టీ కొన్నాం. ఆగస్టు పటంలో ఆ రెండు చోట్లా ముందు చూస్తాను.